చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం

మంచి వైద్యం కనిపెట్టడం ఒక ఎత్తు, అది ప్రతి ఇంటికీ చేరడం మరో ఎత్తు. ఓ.ఆర్.ఎస్. కథలో మేము తెలుసుకున్నది ఇదే.

వాంతులు, విరేచనాలు అయినప్పుడు ఒంట్లోని నీరు, లవణాలు పోతాయి. పసిపిల్లల ప్రాణం తీసేది ఈ నీటి కొరతే. ఉప్పు నీటికి గ్లూకోజు తోడైతే చిన్నప్రేగులు ఉప్పును, దానితోపాటు నీటిని బాగా పీల్చుకుంటాయి. 1960వ దశకంలోనే ఢాకా, కలకత్తాల్లోని పరిశోధకులు కలరా రోగుల విషయంలో దీనిని రుజువు చేశారు. అయినా చాలామంది డాక్టర్లు సెలైన్ సీసానే నమ్మారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్‌లో కలరా వ్యాపించింది. సెలైన్ నిండుకుంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు పొట్లాలు కట్టించి, నీటిలో కలిపి తాగించే పని రోగుల బంధువులకే అప్పగించారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4 లోపుకు తగ్గాయి. 2022లో మరణించిన ఆయనకు 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

మరి పల్లెలకు ఎలా చేరింది? బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి 1990 వరకు మహిళా కార్యకర్తలను ఇంటింటికీ పంపింది. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు తల్లి చేతనే కలిపించేవారు. కొన్నాళ్లకు మరొకరు వచ్చి తల్లికి ఎంత గుర్తుందో పరీక్షించేవారు. దానినిబట్టే కార్యకర్తకు జీతం! అయినా మొదట్లో నేర్చుకున్నవారు కూడా పెద్దగా వాడలేదు. కొందరు కార్యకర్తలకే నమ్మకం లేదని, ఇంట్లో మగవారికి ఎవరూ చెప్పలేదని తేలింది. ఆ లోపాలు సరిదిద్దారు. పదేళ్లలో కోటి 20 లక్షల ఇళ్లకు ఈ విద్య చేరింది.

మిత్రులారా! "విరేచనాలప్పుడు నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతాయి" అనే మాట మన ఊళ్లలో ఇంకా వినబడుతోంది. గోడమీది పోస్టరు ఆ మాటను మార్చలేదు. పక్కన కూర్చుని చెప్పే మనిషి మార్చగలడు. సెలవులకు వెళ్లినప్పుడు ఒక్క ఇంట్లోనైనా కలిపి చూపిద్దాం. ఓ.ఆర్.ఎస్. పాకెట్ దొరికితే అదే మేలు. దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు కలపాలి. స్పూను గుట్టగా కాక సమంగా ఉండాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మనం చదివిన చదువు మన వాడలో ఒక్క బిడ్డను బ్రతికించినా, అది ధన్యమైనట్లే.