ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో మీడియా లైబ్రరీ: డ్రైవ్ కొంటే సరిపోదు, ఇలా ప్లాన్ చేయండి

ఫోన్‌లో "స్టోరేజ్ ఫుల్" అని రాగానే చాలామంది ఏం చేస్తారు? 1 టీబీ హార్డ్ డిస్క్ కొని, ఫొటోలు, వీడియోలు, పాటలు అన్నీ అందులో వేసి, ఫోన్‌లోవి డిలీట్ చేసేస్తారు. ఇది బ్యాకప్ కాదు. ఫైల్ చోటు మారింది, అంతే. కాపీ మాత్రం ఇప్పటికీ ఒక్కటే.

ముందు ఏవి దాచాలి?

సినిమాలు పోతే మళ్లీ దొరుకుతాయి. మా నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర కళాకారుడు, 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య గొంతు 'భీమ్లా నాయక్' పాటలో ఉంది, ఎప్పుడైనా వినొచ్చు. కానీ మీ ఊరి జాతరలో మీరు రికార్డ్ చేసిన పెద్దాయన పాట, మీ అమ్మమ్మ మాట్లాడిన వీడియో మీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండవు. అందుకే "మళ్లీ దొరకనివి", "దొరికేవి" అని రెండు ఫోల్డర్లు చేయండి. మొదటిదానికే ఎక్కువ జాగ్రత్త కావాలి.

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన వీడియో క్వాలిటీ తగ్గి ఉంటుంది. తీసినవాళ్ల ఫోన్ నుంచి కేబుల్‌తో ఒరిజినల్ తీసుకోండి, లేదా 'డాక్యుమెంట్'గా పంపమనండి. ఫోల్డర్ పేరులో తేదీ, ఊరు, సందర్భం రాయండి: "2024-01-15 వనపర్తి సంక్రాంతి". ఇలా రాస్తే తేదీల వరుసలో అవే సర్దుకుంటాయి.

ఏ ఫార్మాట్?

ఎఫ్ఏటీ32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. 4కే వీడియోలకు అది పనికిరాదు. విండోస్, మ్యాక్ రెండింట్లోనూ రాయాలంటే ఎక్స్‌ఫ్యాట్ మంచిది. కాకపోతే అందులో జర్నలింగ్ లేదు. కాపీ మధ్యలో కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ దెబ్బతినే అవకాశం ఎక్కువ. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో, విండోస్ ఒక్కటే వాడేవాళ్లకు నేను చెప్పేది ఎన్‌టీఎఫ్ఎస్. ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, కాబట్టి కొత్తగా కొన్నప్పుడే ఈ పని చేయండి.

1 టీబీ డ్రైవ్ విండోస్‌లో 931 జీబీ చూపిస్తే కంగారు పడకండి. కంపెనీ 1000తో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది.

హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీయా?

హార్డ్ డిస్క్ లోపల పళ్లెం తిరుగుతుంటుంది, దాని మీద హెడ్ కదులుతుంటుంది. నడుస్తున్నప్పుడు కింద పడితే ప్రమాదం. ఎస్ఎస్‌డీకి ఆ భయం తక్కువ, కానీ ధర ఎక్కువ. పైగా కరెంటు ఇవ్వకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టేస్తే డేటా చెదిరిపోవచ్చు. ఇంట్లో కదలకుండా దాచడానికి హార్డ్ డిస్క్, వెంట తిప్పడానికి ఎస్ఎస్‌డీ.

రెండో కాపీ వేరే ఊళ్లో

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇది: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి వేరే చోట. ఆ "వేరే చోట" ఎందుకో మన నడిగడ్డ వాళ్లకు చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపూర్, కర్నూలు మునిగాయి. ఒకే ఇంట్లో మూడు డ్రైవ్‌లు ఉన్నా, ఇల్లు మునిగితే మూడూ పోయినట్టే.

నా పద్ధతి ఇది. ఒక డ్రైవ్ గద్వాలలో ఇంట్లో ఉంటుంది, ఇంకోటి నాగర్‌కర్నూల్‌లో చుట్టాల దగ్గర ఉంటుంది. మళ్లీ దొరకనివి మాత్రం క్లౌడ్‌లో కూడా పెడతాను. పండక్కి వెళ్లినప్పుడు రెండో డ్రైవ్‌ను అప్‌డేట్ చేస్తాను.

ఆరు నెలలకోసారి రెండు డ్రైవ్‌లూ కనెక్ట్ చేసి, నాలుగు పాత వీడియోలు చివరిదాకా ప్లే చేసి చూడండి. టకటక శబ్దం వచ్చినా, కాపీ బాగా నెమ్మదించినా ఆ డ్రైవ్‌ను నమ్మొద్దు. ముందు డేటా బయటికి తీయండి. ఫోన్‌లో డిలీట్ నొక్కేది రెండో కాపీ తెరుచుకున్నాకే.