ఒక్కొక్క చీరకు ఒక్కొక్క చీటీ

పావగడ తాలూకాలో, ముఖ్యముగా వై.ఎన్. హొసకోటెలో, పట్టుచీరలు నేయు కుటుంబాల పిల్లలు కొందరు చీరల ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెడుతున్నారు. మంచి పనే. కాని నలభై చీరలు పెట్టి, నలభైకీ "ప్యూర్ సిల్క్ శారీ" అని ఒకే పేరు వ్రాసి, క్రింద టోకు వ్యాపారి వ్రాసుకొన్న మాటలనే దించినచో అవి కొనువారి కంటబడుట కష్టము. కారణ మేమి?

గూగుల్ వంటి వెతుకు యంత్రము పుటలను ముందుగానే చదివి, ఏ మాట ఎక్కడ ఉన్నదో పెద్ద చిట్టాలో ఎక్కించుకొనును. ఎవరైన అడిగినప్పుడు ఆ చిట్టా చూచి చెప్పును. ఒకే వ్రాత పదిచోట్ల కనబడితే వాటిని ఒక గుంపుగా కట్టి, సాధారణముగా ఒక్కదానినే పైకి చూపును. ఇది శిక్ష కాదు. అడిగినవారికి ఒకే సంగతి పదిసార్లు చెప్పకుండుటకే. అయితే ఆ ఒక్కటి తరచుగా పేరుపడిన పెద్ద దుకాణముదే అవుతుంది. మగ్గమున్న ఇల్లు మరుగున పడుతుంది.

మరి ఏమి వ్రాయవలెను? చీర చేతబట్టి చూచు గృహిణి ఏమడుగునో అదే. పడుగూ పేకా రెండూ పట్టేనా? జరీ ఎటువంటిది? అంచు ఎన్ని అంగుళాలు? కొంగులో ఏ బుటా? రవికెగుడ్డతో కలిపి ఎన్ని మీటర్లు? తూకమెంత? మరమగ్గముపై నేసినదైతే ఆ మాటే వ్రాయవలెను. "వై.ఎన్. హొసకోటె పట్టుచీర, చిలకపచ్చ బాడీ, కుంకుమరంగు అంచు, మామిడిపిందె బుటా" అన్న పేరు ఆ చీరను పక్కదాని నుండి వేరు చేయును. ఫొటోకు కూడ ఆ పేరే పెట్టవలెను.

ఊరి పేరులో ఒక చిక్కున్నది. ఉత్త "హొసకోటె" అంటే బెంగళూరు దగ్గరి హొసకోటె ముందుకు వచ్చి కూర్చుంటుంది. కనుక "వై.ఎన్." అనునది, "పావగడ" అనునది రెండూ ఉండవలెను. బెంగళూరు వారు కన్నడములోను, ఇంగ్లీషులోను వెతుకుదురు గనుక ఆ రెండు లిపులలోను వ్రాయుట మేలు.

ధర్మవరమనో మొలకాల్మూరనో వ్రాస్తే ఎక్కువమంది వస్తారు గదా అని కొందరి ఆశ. ఆ రెండు పేర్లూ 1999 నాటి భౌగోళిక గుర్తుల చట్టము క్రింద నమోదైనవి. అవి ఆయా ప్రాంతముల నేతగాండ్ర సొత్తు. చట్టము మాట అటుంచినా అది తెలివైన బేరము కాదు. ధర్మవరమని వెతికిన వానికి వేలకొలది చీరలు ముందే ఉన్నవి. మన వంతు తోక చివర. మన ఊరి పేరు అడుగువారు కొద్దిమందే, కాని వారికి చూపుటకు పోటీయు కొద్దియే.

2004లో వచ్చిన సిల్క్ మార్కు, 2006లో వచ్చిన హాండ్‌లూమ్ మార్కు నమ్మకమునకు పనికివచ్చును. అవి వేల చీరలపై ఉండునవే గనుక మన చీరను వేరు చేసి చూపవు.

ఫోను పట్టుకొను కొడుకుకు ఈ వివరములు తెలియకపోవచ్చు. మగ్గముపై కూర్చున్న తండ్రికి, కండెలు చుట్టిన తల్లికి తెలియును. కనుక చీర కోసిన నాడే, మడత పెట్టకముందే, వారిద్దరిచేత చెప్పించుకొని చీటీ వ్రాయవలెను. నెల తరువాత అడిగితే తూకము ఎవరికీ గుర్తుండదు.