జలుబా? అలర్జీయా?

వానాకాలం వరి కోతలు మొదలయ్యాయంటే మెదక్ చుట్టుపక్కల ఊళ్లలో నూర్పిడి దుమ్ము లేస్తుంది. ఆ వెంటనే చలి వస్తుంది. తలుపులు మూసుకుంటాం, పెట్టెలోని దుప్పట్లు తీస్తాం. "పిల్లవాడికి జలుబు తగ్గడమే లేదు" అని తల్లులు బాధపడేది అప్పుడే.

తేడా ఎలా తెలుస్తుంది?
మామూలు జలుబు వారం పది రోజుల్లో తగ్గుతుంది. కొందరికి జ్వరం ఉంటుంది. అలర్జీలో జ్వరం ఉండదు. ముక్కు, కళ్ళు దురద పెడతాయి; వరుసగా తుమ్ములు వస్తాయి; ముక్కు నీళ్లలా కారుతుంది. అలర్జీకి యాంటీబయాటిక్ మందులు పనిచేయవు.

ఇంట్లో ఏం చేయాలి?
1. పరుపులు, దిండ్లలో కంటికి కనిపించని దుమ్ము పురుగులుంటాయి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి బాగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయండి.
2. ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి.
3. ఇంట్లో బీడీ, అగరుబత్తి, దోమల కాయిల్ పొగ వద్దు. దోమతెర కట్టుకోండి.
4. పెరట్లోని వయ్యారిభామ మొక్కలను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకేయండి.

రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు ఉంటే?
అది ఉబ్బసం కావచ్చు. డాక్టరుకు చూపించండి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్నది అపోహ. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కనుక కొద్ది మోతాదే చాలు. తగ్గిందని మీ అంతట మీరే ఆపకండి.

మాట పూర్తిచేయలేకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.