పిల్లలతో తెరచాప పడవ: తొలి పాఠాలు

కామాటిపుర సందుల నుండి గిర్గావ్ చౌపాటీ నడిచి చేరగల దూరంలోనే ఉంది. ఆదివారం సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళే తెలుగు కుటుంబాలు అనేకం. భేల్‌పూరీ తినడం, ఇసుకలో గూళ్ళు కట్టడం, చీకటి పడే వేళకు చాల్‌కు తిరిగి రావడం. సముద్రంతో వారి పరిచయం సాధారణంగా అంతటితో ఆగిపోతుంది. కామాటి అనే మాటకు తెలుగులో కూలిపని చేసేవాడని అర్థం. నిజాం రాజ్యం నుండి వచ్చి ఈ నగరపు కట్టడాలకు రాళ్ళు మోసిన శ్రామికుల పేరే పేటకు నిలిచింది. నగరాన్ని కట్టినవారి సంతతికి నగర సముద్రం మాత్రం ఒడ్డు నుండి చూసేదిగానే మిగిలిపోయింది.

తెలుగువారికి నౌకాయానం కొత్తది కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు స్తంభాల ఓడ బొమ్మ కనిపిస్తుంది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి వర్తకులకు ఆ భయం తీర్చాడు. కాని ముంబయికి వలస వచ్చిన కుటుంబాల్లో అధికభాగం చెరువుల సీమ నుండి వచ్చినవి. వారికి నీరంటే సేద్యపు నీరే గాని ప్రయాణపు నీరు కాదు.

అయితే ఆ చెరువుల సీమలోనే నేడు తెలుగు పిల్లలు తెరచాప పడవ నేర్చుకొంటున్నారు. హైదరాబాదులోని హుస్సేన్ సాగర్, పేరుకు సాగరమే గాని, 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన చెరువు. 2009లో సుహీం షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అక్కడ పేద కుటుంబాల బాలబాలికలకు ఈ విద్య నేర్పుతోంది. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పట్టిన ప్రీతి కొంగర 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 470 మిశ్రమ విభాగంలో భారతదేశం తరఫున పాల్గొన్నది. సముద్రతీరంలో పుట్టడం ఈ విద్యకు అర్హత కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

పిల్లలు మొదట ఎక్కే పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల నిర్మాత, సామాన్య కుటుంబం కూడా సమకూర్చుకోగలిగేలా, ప్లైవుడ్ పలకలతో దీనిని రూపొందించాడు. ముక్కు మొండిగా ఉండి స్నానపు తొట్టిని తలపించే ఈ పడవ పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ఒకే తెరచాప, ఒకే బిడ్డ. 15 ఏళ్ళ వయసు వరకు దీనిలో పోటీపడవచ్చు. ఆ పిమ్మట ఇద్దరు నడిపే 420 వస్తుంది. ఆ సంఖ్య వినగానే మన దేశంలో ఎవరికైనా నవ్వు రావడం సహజం. కాని అది పడవ పొడవును సెంటీమీటర్లలో చెప్పే సంఖ్య మాత్రమే.

తొలి పాఠం పడవలో కాక ఒడ్డునే జరుగుతుంది. గాలి ఏ దిక్కు నుండి వీస్తున్నదో బిడ్డ చెప్పగలగాలి. జెండా గుడ్డ, పొయ్యి పొగ, నీటిపై ముడతలు, చెవికి తగిలే చల్లదనం, ఇవన్నీ సాక్ష్యాలే. నేలమీద ఒక గడియారం బొమ్మ గీసి, గాలి పన్నెండు అంకె వైపు నుండి వస్తున్నదని అనుకోవాలి. పదిన్నరకు, ఒకటిన్నరకు మధ్యనున్న భాగంలోకి ఏ తెరచాప పడవా నేరుగా పోలేదు. అక్కడ తెరచాప గుడ్డలా రెపరెపలాడి పడవ నిలిచిపోతుంది. మిగిలిన దిక్కులన్నీ తెరచివున్నవే. పన్నెండు వైపే వెళ్ళవలసి వస్తే కొంతదూరం పదిన్నర వైపు, మరికొంత దూరం ఒకటిన్నర వైపు, ఘాటురోడ్డు మలుపుల వలె సాగిపోవాలి. ఎదురుగాలిలో ముందుకు పోవడం పిల్లలకు ఇంద్రజాలంలా తోస్తుంది. అందులోని కీలకం పడవ నడుమ సందులోంచి నీటిలోకి దించే పలకలో ఉంది. గాలి పడవను పక్కకు నెట్టబోతే ఆ పలక నీటిని అడ్డుపెట్టి నిలుపుతుంది. పక్కకు పోలేని పడవ ముందుకు జారుతుంది. వేళ్ళ మధ్య తడి చింతగింజను నొక్కితే అది ముందుకు దూకినట్లే ఇదీను.

రెండవ పాఠం చేతులది. ఒక చేతిలో చుక్కాని పిడి, మరొక చేతిలో తెరచాప తాడు. పిడిని ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుంది. ఈ తిరకాసు పెద్దలను చాలాసేపు ఇబ్బంది పెడుతుంది గాని పిల్లలకు అరగంటలో అలవడుతుంది. తాడు విషయంలో ఒక్క నియమం ముందుగా నూరిపోయాలి: భయం వేస్తే తాడు వదిలివేయాలి. గాలి వెనుక నుండి వీస్తున్నప్పుడు తప్ప, తాడు వదలగానే తెరచాపలోని బలం పోయి పడవ నెమ్మదిస్తుంది. భయపడిన బిడ్డ సహజంగా తాడును మరింత గట్టిగా పట్టుకొంటుంది. అందువల్లనే చాలా పడవలు బోల్తా పడతాయి.

బోల్తా పడడం ప్రమాదం కాదు, పాఠంలో భాగం. మంచి శిక్షకులు మొదటి వారంలోనే లోతులేని చోట పడవను కావాలని తిరగవేయిస్తారు. బిడ్డ పడవను వదలకుండా పట్టుకొని, చుట్టూ ఈది, బయటకు పొడుచుకువచ్చిన పలకపై బరువు వేసి, పడవను లేపి, లోపలికెక్కి, కట్టివుంచిన చిన్న బకెట్టుతో నీరు తోడివేయాలి. ఒడ్డు దగ్గరే కనిపిస్తున్నదని పడవను వదిలి ఈదడం అన్నిటికంటె పెద్ద తప్పు. తేలుతున్న పడవ దూరానికి కనబడుతుంది. ఒంటరి తల కనబడదు.

ఈ ఘట్టంలో తల్లిదండ్రుల పరీక్ష మొదలవుతుంది. ఒడ్డు నుండి కేకలు వేసే తండ్రి మాట గాలికి సగమే చేరుతుంది. ఆ సగం బిడ్డను తికమకపెడుతుంది. తండ్రో తల్లో కూడా విద్యార్థిగా చేరి, అదే నీటిలో తామూ ఒకటి రెండుసార్లు మునిగితే ఉభయులకూ మేలు. అమ్మకు తెలియని సంగతిని అమ్మకు నేర్పడం కంటె బిడ్డకు గర్వకారణం మరొకటి లేదు.

చాల్‌లో సైకిలు నిలపడానికే చోటుండదు. పడవ కొనే ఆలోచన ఎవరికీ అక్కరలేదు. ఏ క్లబ్బులోనైనా పడవలు వారివే ఉంటాయి. అయితే పడవను ట్రైలర్‌పై ఒడ్డుకు చేర్చే పనిలో పిల్లలు చేయి కలపడం శిక్షణలో భాగం కనుక కొన్ని సంగతులు తెలిసివుండాలి. లోహపు స్తంభాన్ని నిలబెట్టేముందు తల పైకెత్తి కరెంటు తీగలున్నాయేమో చూడాలి. దీనికి మినహాయింపు లేదు. నీటిలోకి దించేముందు అడుగునున్న నీరుపోయే రంధ్రానికి బిరడా బిగించాలి. తిరిగివచ్చాక పడవను, ట్రైలర్ చక్రాలను మంచినీటితో కడగాలి, లేకుంటే ఉప్పు ఇనుమును తినివేస్తుంది.

హైదరాబాదు పద్ధతిని ముంబయికి ఉన్నదున్నట్లు తేరాదు. అక్కడ నైరుతి ఋతుపవనమే మంచి గాలినిస్తుంది. చెరువు గనుక వానకాలంలోనూ పోటీలు జరుగుతాయి. ఇక్కడ జూన్ నుండి సెప్టెంబరు వరకు సముద్రం చిన్న పడవలకు నిషిద్ధమే అనుకోవాలి. అక్టోబరు నుండి మే వరకే ఇక్కడి కాలం. ఆ నెలల్లో ఉదయం గాలి నేల నుండి సముద్రం వైపు, మధ్యాహ్నం సముద్రం నుండి నేల వైపు వీస్తుంది. చౌపాటీ వంటి చోట మధ్యాహ్నపు గాలి నేర్చుకొనేవారిని ఒడ్డుకే తెస్తుంది. ఉదయపు గాలి మెత్తగా తోచినా లోపలికి లాక్కుపోగలదు. చెరువులో లేనిది ఆటుపోట్లు. అమావాస్య, పౌర్ణమి దినాల సమీపంలో ఇక్కడి నీటిమట్టం 4 మీటర్లకు పైగా లేచి పడుతుంది. వానకాలపు పెద్ద పోట్ల వేళలను మహానగరపాలిక ముందుగానే ప్రకటిస్తుంది.

1982 ఆసియా క్రీడల తెరచాప పోటీలు జరిగింది ముంబయి జలాల్లోనే. నేడు కొలాబా ప్రాంతంలోని క్లబ్బులు, బాలబాలికలకు ఓడపనులు నేర్పే సీ క్యాడెట్ కోర్ ఈ విద్యకు ద్వారాలు. చేరేముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి: ప్రతి బిడ్డకూ కొలతకు సరిపడే లైఫ్ జాకెట్ ఉన్నదా, పిల్లలు నీటిలో ఉన్నంతసేపూ మోటారు పడవ వెంట ఉంటుందా, ఈత రాని బిడ్డను పడవ ఎక్కిస్తారా. మూడవ ప్రశ్నకు ఎక్కిస్తామని జవాబు వస్తే అక్కడి నుండి లేచి వచ్చివేయడం ఉత్తమం. ఈతకు దాదరులో శివాజీ పార్కు వద్ద నగరపాలిక కొలను ఉంది. వేసవి సెలవుల్లో ఈత నేర్చిన బిడ్డ అక్టోబరు నాటికి పడవ ఎక్కడానికి సిద్ధంగా ఉంటుంది.