గాలిలో వినబడని పిలుపు

ఈసారి పాఠం నేను ఒక కొండ మీద నేర్చుకున్నది. నా తప్పు వల్ల నేర్చుకున్నాను కాబట్టి దాచకుండా చెబుతాను.

స్కాట్లాండ్‌లో 3,000 అడుగులు దాటిన పర్వతాలను మన్రోలు అంటారు. 1891లో హ్యూ మన్రో వాటి మొదటి జాబితా వేశాడు. ఇప్పటి లెక్కలో అవి 282. వాటిలో అన్నిటికన్నా దక్షిణాన ఉన్నది బెన్ లోమండ్, ఎత్తు 974 మీటర్లు. మా సంఘంలోని ఒక అన్నయ్యతో కలిసి అక్టోబరులో ఒక శనివారం దాన్ని ఎక్కడానికి వెళ్లాను.

పైన గంటకు 40 మైళ్ల గాలి ఉంటుందని, మధ్యాహ్నానికి ఇంకా పెరుగుతుందని పొద్దున కారులో నేనే చదివి వినిపించాను. అయితే రోవర్డెన్నన్ దగ్గర చెట్ల మధ్య నడుస్తుంటే ఆకు కూడా పెద్దగా కదల్లేదు. "ఈమాత్రం గాలికేనా?" అని నవ్వుకున్నాం.

చెట్లు దాటి గట్టు మీదికి వచ్చాక అసలు సంగతి తెలిసింది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 20 మైళ్ల గాలి జాకెట్‌ను రెపరెపలాడిస్తుంది. 40 మైళ్ల గాలి మనిషినే పక్కకు నెడుతుంది. చలి లెక్క కూడా అంతే. గాలి లేనిచోట 5 డిగ్రీలున్నా, ఆ గాలిలో ఒంటికి సున్నాకు రెండు డిగ్రీలు తక్కువగా తగులుతుంది.

శిఖరం కనబడేసరికి నాకు తొందర పుట్టింది. టోపీ బిగించుకుని, తల వంచుకుని వంద అడుగులు ముందుకు వెళ్లిపోయాను. ఫొటో తీద్దామని వెనక్కి తిరిగితే, అన్నయ్య మోకాళ్ల మీద ఉన్నాడు, ఒక చెయ్యి రాతి మీద ఆనించి.

పరుగున వెళ్లాను. "తమ్ముడూ, మూడుసార్లు పిలిచాను" అన్నాడు. అందులో కోపం లేదు.

నేను సిగ్గుపడాల్సింది పోయి, "ఇంకో అరగంటే అన్నయ్యా, వచ్చేశాం కదా" అన్నాను.

"ఎక్కడానికి అరగంటే. దిగేసరికి గాలి పెరుగుతుందని చదివింది నువ్వే కదా!"

దిగిపోయాం. సగం దూరం నేను ముఖం ముడుచుకునే నడిచాను. ఒక బండ చాటున కూర్చోబెట్టి, ఫ్లాస్కులో టీ ముందు నాకే పోసిచ్చాడు. మోకాలు దోక్కుపోయింది ఆయనకి.

ఆ రోజు నుంచి మేము మూడు సంగతులు పాటిస్తున్నాం.

1. వెనుదిరిగే వేళను కిందే నిర్ణయించుకుంటాం. ఆఫీసులో రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా నేను ఏ రిలీజూ చేయను. కొండకు మాత్రం అది లేకుండా వెళ్లాను. శిఖరం ఎదురుగా కనబడ్డాక మన బుద్ధి నిజం చెప్పదు.

2. వెనుకనున్నవారి నడకే ఇద్దరి నడక. గాలిలో పదడుగుల దూరం కూడా మాటను మింగేస్తుంది. మాట అందేంత దగ్గరలోనే ఉండాలి.

3. ఇద్దరి దగ్గరా విజిల్ ఉండాలి. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. జవాబు మూడు ఊదులు. ఫోన్ అందితే 999కి చేసి ముందు పోలీసులను, ఆపై మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వచ్చేవారిలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద సేవకులే. మన మొండితనానికి వాళ్లూ అదే గాలిలోకి రావాలి.

ప్రసంగి గ్రంథం 4వ అధ్యాయంలో ఇద్దరు తోడు నడవడం గురించిన మాటలు చదివినప్పుడల్లా, పడినవాణ్ణి లేవనెత్తేవాడి స్థానంలో నన్ను నేను ఊహించుకునేవాణ్ణి. పిలుపు వినకుండా ముందుకు పోయేవాణ్ణి నేనే కావచ్చని ఎన్నడూ అనుకోలేదు.

కూడికలో మాట్లాడుకోవడానికి:

• ఈ దేశంలో మనం అందుకోవాలనుకుంటున్న శిఖరం ఏది? ఎక్కడ ఆగాలో ముందే అనుకున్నామా?
• మన వెనుక నడుస్తున్నది ఎవరు? వారి గొంతు చివరిసారి ఎప్పుడు విన్నాం?