కొనకముందు చేసుకుందాం



ఈ నెల గోడపత్రికకు సైన్సు, లెక్కలు, కుట్టుపని మూడూ కలిసిన పాఠం ఒకటి రాస్తున్నాను. మనకు కావలసిన వాటిలో కొన్ని మన చేతులతో పండించుకొనుట, వండుకొనుట, కుట్టుకొనుట, మిగిలినవి ఆలోచించి కొనుట. ఇదే ఈ పాఠం. ఇది డబ్బు లేనివాళ్ళు చేసే పని అని కొందరు నవ్వుతారు. డబ్బు ఉన్నవాళ్ళకు కూడా ఇందులో లాభం కలదు. అది ఎలాగో కింద లెక్కలతో రాశాను.

నేను ఇది రాయడానికి కారణం ఉంది. జూలైలో మన హాస్టల్‌కు డాక్టరు గారు వచ్చి రక్త పరీక్ష చేశారు. మన వయసు ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి. నాకు 9.6 వచ్చింది. మెట్లు ఎక్కితే ఆయాసం, క్లాసులో నిద్ర ఎందుకు వస్తాదో అప్పుడు తెలిసింది. డాక్టరు గారు మాత్రలు రాసి, తిండి కూడా మార్చుకోమన్నారు. మాత్ర మందుల షాపులో దొరుకుతాది. తిండి ఎక్కడ దొరుకుతాది? మన పెరట్లోనే.

1. తోట

మన హాస్టల్‌లో కంచాలు కడిగిన నీళ్ళు వెనక్కి పారి బురద అవుతాయి. అక్కడ దోమలు తప్ప ఏమీ పెరగవు. అదే నీటిని చిన్న కాలవ తీసి మడులకు పారిస్తే రెండు లాభాలు. దోమలు తగ్గుతాయి, కూర వస్తాది. సబ్బు నురుగు ఎక్కువ ఉన్న నీళ్ళు మాత్రం ఆకుకూరకు పెట్టకూడదు. వాటిని అరటి చెట్టు మొదట్లో పోయాలి.

మడి వెడల్పు 3 అడుగులు ఉంటే చాలు. అప్పుడు రెండు పక్కల నుంచి చెయ్యి అందుతాది, మడి తొక్కక్కరలేదు. తొక్కితే మట్టి గట్టిపడి వేరుకు గాలి అందదు. పొడవు మన స్థలం బట్టి.

ఏది ఎన్ని రోజులకు కోతకు వస్తుంది:
మెంతికూర – 20 నుంచి 25 రోజులు
తోటకూర – 25 నుంచి 30 రోజులు
పాలకూర – 30 నుంచి 35 రోజులు
బెండ – 45 నుంచి 50 రోజులకు మొదటి కాయ

అన్నీ ఒకే రోజు చల్లేస్తే ఒకే వారం కూర ఎక్కువయి మిగతా నెల ఏమీ ఉండదు. నాలుగు మడులు చేసి వారానికి ఒకటి చొప్పున చల్లితే ప్రతి వారం ఒక మడి కోయవచ్చును. తోటకూర గింజ ఆవాల కన్న చిన్నది కనుక పొడి ఇసుకలో కలిపి చల్లాలి. లేకపోతే ఒకే చోట గుంపుగా మొలుస్తాది.

మునగకు గింజ కూడా అక్కరలేదు. చేతి మందం కొమ్మ, 3 అడుగుల పొడవుది, తొలకరి వానలకు పాతితే చిగురిస్తాది. ఒక చెట్టు ఉంటే ఏడాదంతా ఆకు.

ఎరువుకు జీవామృతం. పెద్ద రైతులు 200 లీటర్ల డ్రమ్ములో చేస్తారు. నేను దాన్ని 10తో భాగించి మన బకెట్టుకు లెక్క వేశాను. 20 లీటర్ల నీళ్ళు, ఆవు పేడ 1 కిలో, ఆవు మూత్రం 1 లీటరు, బెల్లం 200 గ్రాములు, పప్పుల పిండి 200 గ్రాములు, చేను గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో ఉంచి ఉదయం, సాయంత్రం కర్రతో తిప్పాలి. 48 గంటలకు తయారు. వారం లోపల వాడేయాలి. బెల్లం, పిండి తిని మట్టిలోని సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి మట్టిలో ఉన్న పోషకాలను మొక్కకు అందేలా చేస్తాయి. పేనుబంక పడితే తెల్లవారు మంచు ఉండగానే పొయ్యి బూడిద చల్లాలి, తడికి ఆకుకు అంటుకుంటాది.

విత్తనం సంగతి. మాయమ్మ ఎండిన ఆనపకాయ బుర్రలో గింజలు పోసి, బూడిద కలిపి, పొయ్యి పైన అటకకు వేలాడదీస్తాది. ఆవిడ బడికి వెళ్ళలేదు. కాని ఇందులో సైన్సు ఉంది. బూడిద తేమ పీలుస్తాది, పురుగు నడవలేదు. పొగకు పురుగు రాదు. మా వైపు చైత్రమాసంలో ఇటుకల పండుగకు ఇంటింటి విత్తనాలు దేవుడి దగ్గర పెట్టాకే చేలో చల్లుతారు. విత్తనం ఇంట్లో ఉంటే తొలకరికి ఎవరి దగ్గరా చెయ్యి చాపక్కరలేదు. హైబ్రిడ్ పాకెట్టు విత్తనం మాత్రం దాచి మళ్ళీ వేస్తే అదే రకం రాదు. కనుక నాటు విత్తనమే దాచుకోవాలి.

2. వంట

మా ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం. చోడి అంబలిని మండియా పేజ్ అంటాం. మన పుస్తకంలో అదే రాగి జావ. హాస్టల్‌కు వచ్చిన కొత్తలో కొందరు అంబలి పేరు చెప్పడానికి సిగ్గుపడతారు. లెక్క చూడండి. 100 గ్రాముల చోళ్ళలో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అంతే బియ్యంలో సుమారు 10 మిల్లీగ్రాములు. ఎముకలు పెరిగే వయసులో మనకు ఏది కావాలో మీరే చెప్పండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన అమ్మమ్మల తిండికి ప్రపంచం పండుగ చేసింది. మనం ఎందుకు దాచుకోవాలి?

చోడి మొలకల పిండి: చోళ్ళు కడిగి రాత్రంతా నానబెట్టాలి. పలుచని గుడ్డలో మూట కట్టి ఒకటి రెండు రోజులు వేలాడదీయాలి. మొలక రాగానే ఎండబెట్టి, కొంచెం వేయించి, విసరాలి. మొలక వస్తే తొందరగా అరుగుతాది, ఇనుము ఒంటికి బాగా పడతాది.

వంటలో ఖర్చు లేకుండా బలం కాపాడే పద్ధతులు నాలుగు.
ఒకటి: ఆకుకూర ముందు కడిగి తరువాత తరగాలి. తరిగి కడిగితే విటమిన్లు నీళ్ళలో పోతాయి.
రెండు: అన్నం గంజి వార్చి పారబోయకూడదు. అందులో బి విటమిన్లు ఉంటాయి. కూరలోనో చారులోనో పోసుకోవాలి.
మూడు: ఆకుకూర తిన్నప్పుడు నిమ్మ గాని ఉసిరి గాని తింటే విటమిన్ సి వలన ఇనుము బాగా ఒంటికి పడుతుంది. అన్నం తినీసి వెంటనే టీ తాగితే ఇనుము పట్టదు. కనీసం ఒక గంట ఆగాలి.
నాలుగు: అయోడిన్ ఉప్పు డబ్బా మూత పెట్టి ఉంచాలి. కూర దించే ముందు వేయాలి.

నేను డాక్టరు గారు రాసిన మాత్రలు మానకుండా వేసుకొని, వంట అక్క కోసి ఇచ్చిన మునగాకు పప్పులో వేయించుకొని తిన్నాను. నవంబరులో 11.1 వచ్చింది. ఇంకా 12 రావాలి. సికిల్ సెల్ జబ్బు ఉన్న చెల్లెళ్ళు మాత్రం ఇనుము మాత్రలు డాక్టరును అడిగే వేసుకోవాలి.

3. కుట్టు

కుట్టు మనకు కొత్త కాదు. అడ్డాకులను వెదురు పుల్లలతో విస్తరి కుట్టే చేతికి సూది ఎంత? సూది, తెల్ల దారం, నీలం దారం, నాలుగు గుండీలు ఒక పాత డబ్బాలో పెట్టుకొంటే చాలు.

గుండీ కుట్టేటప్పుడు బట్టకు, గుండీకి మధ్య ఒక అగ్గిపుల్ల పెట్టి కుట్టాలి. తరువాత పుల్ల తీసీసి ఆ సందులో దారం చుట్టి ముడి వేయాలి. గుండీ కొంచెం ఎత్తుగా నిలిచి కాజాలో సులువుగా పడుతుంది, ఊడదు.

చిరుగు చిన్నదిగా ఉన్నప్పుడే కుట్టాలి. అంగుళం చిరుగుకు ఐదు నిమిషాలు. అదే వారం ఒగ్గేస్తే జానెడు అవుతాది, అప్పుడు మాసిక వేయాలి. మాసిక గుడ్డ ముందే ఉతికి ఉండాలి. కొత్త గుడ్డ వేస్తే ఉతికాక ముడుచుకొని పాత గుడ్డను లాగేస్తాది.

యూనిఫాం కుట్టించేటప్పుడు టైలరును కింద రెండు అంగుళాలు లోపలికి మడత ఒగ్గమని అడగండి. మనం ఎదిగాక విప్పితే ఇంకో ఏడాది వస్తాది. ఇక వేసుకోలేని పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి దూరం కుట్టు వేస్తే బొంత. మన చలికి బజారు దుప్పటి కన్న బొంతే వెచ్చన, ఎందుకంటే పొరల మధ్య నిలిచిన గాలి వేడిని బయటకు పోనివ్వదు.

ఆడపిల్లల హాస్టల్ కనుక ఇంకొకటి రాస్తున్నాను. నెలసరి గుడ్డలు మెత్తని నూలు గుడ్డతోనే కుట్టుకోవాలి. నాలుగు నుంచి ఆరు గంటలకు మార్చాలి. చల్లటి నీళ్ళు, సబ్బుతో ఉతికి మంచి ఎండలో ఆరవేయాలి. సిగ్గుపడి తడి బట్టల కింద దాచి ఆరవేస్తే క్రిములు చేరతాయి. ఎండకు డబ్బు ఇవ్వక్కరలేదు.

4. సంత

సంతలో పాత బట్టల గుట్ట చవక అని అన్నీ తీసేసుకోకూడదు. బట్టను వెలుతురుకు ఎత్తి చూడాలి, పలచబడిన చోటు తెలుస్తాది. చంకలు, మోకాళ్ళ దగ్గర కుట్టు లాగి చూడాలి. గుండీ లేకపోతే పరవాలేదు, అది మన పని. బట్టే నలిగిపోతే ఎవరూ బాగుచేయలేరు. ఇంటికి తెచ్చాక వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయకుండా వేసుకోవద్దు. గజ్జి పురుగు మనిషి ఒంటి మీద కాక బయట సాధారణంగా మూడు రోజులకు మించి బతకదు. కనుక ఉతికే దాకా విడిగా మూట కట్టి ఉంచాలి.

చవక వేరు, పొదుపు వేరు. 60 రూపాయల పలుచని బకెట్టు 3 నెలల్లో పగిలితే నెలకు 20 రూపాయలు పడింది. 180 రూపాయల గట్టి బకెట్టు 2 సంవత్సరాలు వస్తే 180ని 24తో భాగించాలి. నెలకు ఏడున్నర రూపాయలే. ఏది చవక?

పాకెట్టు కొంటే తయారీ తేదీ, గడువు తేదీ, ధర మూడూ చదవాలి. అచ్చు వేసిన ధర కన్న ఎక్కువ అడిగే హక్కు ఎవరికీ లేదు. చదువు వచ్చిన మనం చదవకపోతే చదువు రాని మన అమ్మలకు ఎవరు చదివి చెప్తారు?

పొదుపు చేయకూడని చోట్లు కూడా ఉన్నాయి. మందులు, సబ్బు, అయోడిన్ ఉప్పు. కొండ ప్రాంతాల మట్టిలో అయోడిన్ తక్కువ ఉంటాది. అందుకే గొంతువాపు వస్తాది. రెండు రూపాయలకు చూసుకొని గళ్ళ ఉప్పు కొనరాదు.

5. అప్పు లెక్క

పోయిన దసరాకు మాయమ్మ 2000 రూపాయలు అప్పు తెచ్చింది. వడ్డీ నూటికి నెలకు 5 రూపాయలు. చిన్న మాటలాగే వినిపిస్తాది. లెక్క వేస్తే నెలకు 100, సంవత్సరానికి 1200. అంటే నూటికి 60. ఈ లెక్క నేను ఎనిమిదో తరగతి సాధారణ వడ్డీ పాఠం నుంచి వేసి ఇంట్లో చెప్పాను. మా నాన్న రెండుసార్లు అడిగి చెప్పించుకొన్నాడు.

డబ్బు తీర్చడానికి పసుపు పచ్చి కొమ్ముగానే, తవ్వకముందే వర్తకుడికి మాట ఇచ్చేశారు. పచ్చి కొమ్ము 5 కిలోలు ఉడికించి ఎండబెడితే సుమారు 1 కిలో ఎండు పసుపు వస్తాది. ఎండబెట్టి అమ్మితే ధర మనం అడగవచ్చు. అప్పు ఉన్నవాళ్ళు ధర అడగలేరని మాయమ్మ అంటాది. పొదుపు అంటే ఇదే అని నాకు అప్పుడు అర్థమయింది. కూర, బట్ట, విత్తనం కోసం అప్పు చేయకపోతే పసుపు ఇంట్లో ఎండే దాకా ఆగవచ్చును. పసుపు ఎండితే నా ఇంటర్ ఫీజు వస్తాది. నాకు బైపీసీ చదివి నర్సు అవ్వాలని ఉంది.

మనం వారానికి 10 రూపాయలు చిప్స్ పాకెట్టుకు పెడితే 40 వారాల బడికి 400 రూపాయలు. పూర్తిగా మానమని చెప్పను. రెండు వారాలకు ఒకటి తింటే 200 మిగులుతాది.

వార్డెన్ మేడమ్ గారికి మనవి: కంచాల కుళాయి వెనుక స్థలంలో నాలుగు మడులు చేసుకోవడానికి అనుమతి ఇప్పించగలరు. పని ఆదివారం ఉదయం చేసుకుంటాము. చదువుకు ఆటంకం రాదు. మొదటి కోత వంటశాలకే ఇస్తాము.

చెల్లెళ్ళారా, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కొక్కరు గుప్పెడు నాటు విత్తనం తెండి. ఏ ఊరిదో, మీ ఇంటి భాషలో దాని పేరేమిటో కాగితం మీద రాసి కట్టండి.

ప్రశ్నలు (జవాబులు పత్రిక కింది డబ్బాలో వేయండి)
1. 3000 రూపాయలకు నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ అయితే 8 నెలలకు మొత్తం ఎంత కట్టాలి?
2. గుండీ కింద అగ్గిపుల్ల ఎందుకు పెడతారు?
3. ఆకుకూరతో నిమ్మరసం, టీ, ఈ రెండింటిలో ఏది మంచిది? ఎందుకు?
4. మీ ఇంట్లో విత్తనం ఎలా దాస్తారు? మీ అమ్మనో అమ్మమ్మనో అడిగి రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని