అంగిట్లో మచ్చ: నొప్పి లేకపోతే భయం లేనట్టేనా?

ప్రశ్న: మా అత్తగారికి 58 ఏళ్లు. చిన్న వయసు నుంచీ అడ్డచుట్ట కాలుస్తున్నారు. ఈమధ్య అంగిట్లో తెల్లమచ్చ, దాని మధ్య ఎర్రటి పుండు కనిపిస్తున్నాయి. ‘నొప్పి లేదు కదా! మా అమ్మ ఎనభై ఏళ్లు వచ్చేదాకా కాల్చింది, ఏమైంది?’ అంటున్నారు. ముక్క తీసి పరీక్ష చేస్తే జబ్బు పాకిపోతుందని కూడా భయం. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నొప్పి లేనప్పుడే చూపించడం మేలు. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందిని బాధపెట్టదు. నొప్పి, మింగలేకపోవడం, మెడలో గడ్డ కనిపించేసరికి చాలాసార్లు జబ్బు ముదిరి ఉంటుంది. మామూలుగా అంగిలి గట్టిభాగంలో క్యాన్సర్ అరుదు. నిప్పున్న కొసను నోట్లో ఉంచుకుని అడ్డచుట్ట కాల్చే ఉత్తరాంధ్ర పల్లెల్లో మాత్రం అది ఎక్కువగా కనబడుతుంది. పొగాకు విషాలకు తోడు నిప్పు వేడి కూడా నేరుగా అంగిలికి తగలడమే కారణం. ప్రతి తెల్లమచ్చా క్యాన్సర్ కాదు. కానీ తెలుపులో ఎరుపు కలిసినా, పుండు రెండు మూడు వారాల్లో మానకపోయినా పరీక్ష తప్పనిసరి.

వాళ్లమ్మగారు ఎనభై ఏళ్లు బతకడం నిజమే కావచ్చు. చుట్ట కాల్చిన అందరికీ క్యాన్సర్ వస్తుందని వైద్యులూ అనరు, ముప్పు పెరుగుతుందంటారు. బతికినవాళ్లనే లెక్కపెడితే పోయినవాళ్లు లెక్కలోకి రారు. ఇక ముక్క పరీక్ష వల్ల జబ్బు పాకుతుందన్న భయం అక్కర్లేదు. మత్తిచ్చి తీసే ఆ చిన్న ముక్కే అది క్యాన్సరో కాదో తేలుస్తుంది. పరీక్ష తర్వాత పరిస్థితి విషమించినవాళ్లలో జబ్బు అప్పటికే ముదిరి ఉంటుంది. ఆ నింద ఆలస్యానికి చెందాలి. ముందుగా చూస్తే ప్రాణాలు నిలుస్తాయనడానికి కేరళ రుజువుంది. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి, శిక్షణ పొందిన కార్యకర్తలు ఊళ్లలో జనం నోళ్లు పరిశీలించారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడోవంతు తగ్గినట్టు 2005లో ఫలితాలు వెలువడ్డాయి. అందుకు వాడిన సాధనం వెలుతురు, శిక్షణ పొందిన కన్ను, అంతే.

కాబట్టి ఈ వారంలోనే ఆమెను దంతవైద్యుడికో, చెవి-ముక్కు-గొంతు వైద్యుడికో చూపించండి. ‘ఇప్పుడు మానేసి ఏం లాభం?’ అంటే, ఏ వయసులో మానినా ముప్పు తగ్గుతుందని చెప్పండి. ఇన్నేళ్ల అలవాటు కాబట్టి కసురుకోకండి, వైద్యుడి సాయం తీసుకోండి. మీ ఇంట్లో ముప్పై దాటినవాళ్లందరూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నోటి పరీక్ష చేయించుకోవచ్చు. ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలూ అక్కడే ఉన్నాయి. ఆశా కార్యకర్తను అడగండి. బాధ మొదలైతే చూద్దామనుకోవద్దు.